మూడో బండి ఆగలేదు

మధులత చేతిలో రెండు కాగితాలున్నాయి. రాజేష్‌ను జైలుకు పంపడానికి పోలీసుల దగ్గర ఉన్నవి కూడా ఆ రెండే.

మొదటిది కంప్యూటర్‌లోంచి తీసిన అచ్చు. అందులో ఒకే ఒక్క వరుస. 2009 జూలై 14, సాయంత్రం 4 గంటల 32 నిమిషాలకు గ్యాస్ అలారం ప్రోగ్రామ్‌ను మూసేశారు. మూసిన చోటు: కన్సోల్. రెండోది కిన్నెరపాడు కాగితం మిల్లు సెక్యూరిటీ ఆఫీసర్ సంపత్ రాసిచ్చిన వాంగ్మూలం. ‘మూడో బండిని తానే ఆపినట్టు రాజేష్ ఫోన్‌లో ఒప్పుకున్నాడు, నేనూ ఇద్దరు గార్డులూ స్పీకర్‌లో విన్నాం’ అని అందులో ఉంది.

అలారం మూసిన తొమ్మిది నిమిషాలకు క్లోరిన్ సిలిండర్ మూతి దగ్గర లీకైంది. పక్కనే సమ్మయ్య అనే కాంట్రాక్ట్ కార్మికుడు పని చేస్తున్నాడు. మోగాల్సింది మోగలేదు కాబట్టి అతను పరుగెత్తలేదు. దవాఖానాకు చేర్చేసరికి ప్రాణం పోయింది.

ఇవాళ శుక్రవారం, పదిహేడో తేదీ. రేపు పొద్దున రాజేష్‌ను కోర్టులో నిలబెడతారు. మిల్లులో ఏ కంప్యూటరైనా చూసుకోవచ్చని జనరల్ మేనేజర్ ఇచ్చిన ఉత్తరం ఇవాళ సాయంత్రం ఐదింటి వరకే చెల్లుతుంది. కార్మికులు గేటు ముందు రెండు రోజులు కూర్చుంటే వచ్చిన ఉత్తరం అది. అంతకు మించి గడువు ఎవరూ ఇవ్వరు.

పోలీస్ స్టేషన్ మెట్ల మీద రాజేష్ తల్లి కమ్లి అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొత్తగూడెంలో మధులత నడిపే చిన్న డిటెక్టివ్ ఆఫీసును వెతుక్కుంటూ వచ్చింది ఆమే. గిన్నె మీది గుడ్డ ముడి ఇంకా విప్పలేదు. లోపలికి ఇవ్వనివ్వలేదని చెప్పింది. కోపంగా కూడా చెప్పలేదు. అలవాటైన మాట చెప్పినట్టు చెప్పింది.

మధులత ఆ గిన్నె తన చేతిలోకి తీసుకుని లోపలికి నడిచింది. కానిస్టేబుల్ పక్కకు జరిగాడు. అప్పుడు టైము పదకొండూ పది.

రాజేష్‌కు ఇరవై మూడేళ్లుంటాయి. భద్రాచలంలో మిల్లుకు వెదురు కొనే ఆఫీసు ఒకటుంది. అక్కడినుంచే మిల్లు కంప్యూటర్లను చూసుకోవడం అతని పని. పక్కన గిన్నె ఉన్నా చెయ్యి పెట్టలేదు. మధులత మొదటి కాగితం చూపించి, కన్సోల్ అంటే ఏమిటని తనకు తెలియనట్టు అడిగింది. నిజానికి కొంత తెలుసు. కానీ తెలిసినట్టు అడిగితే భయపడ్డ మనిషి సగమే చెబుతాడు.

రాజేష్ మెల్లగా చెప్పాడు. మిల్లులో జూన్‌లో కొత్తగా పెట్టిన ఒక పెద్ద కంప్యూటర్ ఉంది. నాలుగు పెట్టెలు కొనే బదులు ఆ ఒక్కదానిలోనే నాలుగు కంప్యూటర్లు ఉన్నట్టు ఏర్పాటు చేశారు. లోపలివాటికి వేరే పెట్టె లేదు, వేరే తెర లేదు. దూరం నుంచి మన తెర మీద వాటి తెర తెచ్చుకుని చూడాలి. అలా తెచ్చుకున్న తెరనే కన్సోల్ అంటారు.

"పెద్దదానికి తండా అని పేరు పెట్టింది నేనే అక్కా. హైదరాబాద్ ఇంజనీర్లు ఏదో ఒక పేరు చెప్పమన్నరు, నోట్లెకెళ్లి అదే వచ్చింది. లోపలి నాలుగింటిని బండ్లు అంటం. గ్యాస్ అలారం మూడో బండిల ఉంటది."

"మూడో బండిని ఆపిన అని నువ్వు ఎవరితోనన్నా అన్నావా?"

"అనలే. నాలుగూ యాభై అయిదుకు సంపత్ సార్ ఫోన్ చేసిండు. నేను మోటార్ సైకిల్ మీద ఉన్న, చెక్‌పోస్ట్ దాటుతున్న. ఏడున్నవ్, బండి ఆపు అన్నడు. బండి ఆపిన సార్, చెప్పుండ్రి అన్న. గంతే. ఫోన్ పెట్టేసిండు."

మధులత రెండో కాగితాన్ని మళ్లీ చదివింది. ఒక్క మాట మీద మనిషిని లోపల వేశారు. ఈ ప్రాంతంలో కాళ్లతో తొక్కేదీ బండే, లారీ కూడా బండే. ఆ మిల్లులో మాత్రం పెట్టె లేని కంప్యూటర్ కూడా బండి అయింది.

అయినా ఆ సంగతి కోర్టులో నిలబడదు. నాలుగూ ముప్పై రెండుకు అలారం మూసుకుంది. రాజేష్ భద్రాచలం ఆఫీసు నుంచి బయటపడ్డది నాలుగూ ముప్పై అయిదుకు. వాచ్‌మన్ పుస్తకంలో ఉంది. మూసి బయల్దేరాడని ఎవరైనా అనొచ్చు.

ఆ మాటే అడిగితే రాజేష్ మొదటిసారి తల ఎత్తాడు.

"ఆ ఆఫీసుల తెర రానే రాదక్కా. మూడు వారాల సంది రాస్తున్న."

జాబితా వస్తుందట. ఏ బండి నడుస్తోంది, ఎన్ని రోజులుగా నడుస్తోంది, అన్నీ కనిపిస్తాయట. లోపలి తెర తెరిస్తే మాత్రం నల్లగా ఉండిపోతుంది. ఎందుకని అడిగితే అతను ఇలా చెప్పాడు.

"జాబితా నంబర్ తోటి వస్తది. తెర పేరు అడుగుతది. మా తండాకు రావాలంటే బస్సు నంబర్ తెలిస్తే చాలు, దింపుతది. ఇంట్లకు రావాలంటే మనిషి పేరు చెప్పాలె కద. నా కంప్యూటర్‌కు తండా అంటే ఎవరో తెల్వదు. పేర్ల ఫైలుల ఒక్క వరుస రాస్తే అయిపోతది. ఆ ఫైలు ముట్టే అధికారం నాకియ్యలే."

"పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. ఎస్సై సార్ నవ్విండు. తండా పేరు తండా పోరనికే తెల్వదా అన్నడు."

మధులత లేచింది. గిన్నె మీది గుడ్డ తనే విప్పి అతని ముందుకు జరిపి వచ్చింది.

పన్నెండూ నలభైకి ఆమె భద్రాచలం ఆఫీసులో రాజేష్ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అతని కంప్యూటర్. పక్కన అతని రిజిస్టర్. ముందు రిజిస్టర్ తెరిచింది.

జూన్ 24: మూడో బండి తెర రావడం లేదు. నల్లగా ఉంది. హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. జూలై 1: మళ్లీ చేశాను. వస్తామన్నారు. జూలై 6: ఇంజనీర్ మిల్లుకు వచ్చి రెండు చోట్ల తెర సరిచేసి వెళ్లిపోయాడు. ఇక్కడికి రాలేదు. జూలై 13: అలారం తెర చూడటం నా డ్యూటీ. తెర లేదు. దయచేసి త్వరగా చేయగలరు.

ప్రతి వరుస కిందా ఆఫీస్ ఇన్‌చార్జి సంతకం ఉంది. సంతకం పెట్టారు, చదవలేదు. పద్నాలుగో తేదీన ఏమీ రాసి లేదు.

ఆమె జాబితా తెరిచింది. నాలుగు బండ్లూ కనిపించాయి. మూడోదాని పక్కన అంకె చూసి నోట్‌బుక్‌లో రాసుకుంది: నలభై ఒక్క రోజులుగా ఆగకుండా నడుస్తోంది.

అంటే సమ్మయ్య చనిపోయిన రోజు కూడా మూడో బండి ఆగలేదు. దాని లోపలికి వెళ్లి, తెర మీద అలారం ప్రోగ్రామ్‌ను మాత్రమే ఎవరో చేత్తో మూశారు. రాజేష్ ఆపానన్న బండికి రెండు చక్రాలున్నాయి.

తర్వాత తెర తెరిచింది. నలుపు. అర నిమిషానికి ఒక చిన్న పెట్టె వచ్చింది: తండా అనే పేరు గల యంత్రం ఎక్కడుందో తెలియడం లేదు. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అదే. పోలీసులు దీన్ని ఒక్కసారైనా చేసి చూడలేదు. చేస్తే అర నిమిషం పట్టేది.

పని అయ్యాక రాజేషే ఆ వరుస చెరిపేశాడని సంపత్ అనవచ్చు. ఆమె పేర్ల ఫైలు తేదీ చూసింది. చివరిసారి మారినది 2008 నవంబర్‌లో, ఈ ఆఫీసులో ఆ కంప్యూటర్ బిగించిన రోజు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు.

రిజిస్టర్‌లో ఆరో తేదీ వరుస కింద గోటితో గీత గీసింది. రెండు చోట్ల. ఏ రెండు చోట్ల? ఆ రెండింటిలో ఒకచోట కూర్చుని సమ్మయ్యను చంపారు.

మిల్లు గేటు దగ్గరికి చేరేసరికి మూడూ ఇరవై. గేటులో బిచ్యా అనే గార్డు ఉన్నాడు. వాంగ్మూలం కింద సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకడు. ఫోన్‌లో సరిగ్గా ఏం విన్నావని అడిగితే రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. బండి ఆపిన సార్, చెప్పుండ్రి అన్నాడట. మూడో బండి అన్నాడా అంటే, అనలేదన్నాడు.

"నేను మోటార్ సైకిలే అనుకున్న మేడం. సంతకం పెట్టుమంటే పెట్టిన. నా డ్యూటీ కూడ కాంట్రాక్టే."

లోపలికి వెళుతుంటే క్లోరిన్ షెడ్డు ముందు కొందరు మనుషులు ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుంటున్నారు. నాలుగింటికి సిలిండర్ మారుస్తారని బోర్డు మీద రాసి ఉంది. వాళ్లలో ఒక ఆడమనిషి మీది చొక్కా ఆమెకు చాలా పెద్దది. సమ్మయ్య భార్య సారక్క. మొగుడి చావుకు మిల్లు ఇచ్చిన పరిహారం మొగుడి ఉద్యోగమే, అదే షెడ్డులో. ఇవాళ ఆమెకు రెండో రోజు.

మధులత నాన్న బొగ్గు బావిలో పని చేసేవాడు. ఇంట్లో అందరూ మాట్లాడుకుంటున్నా అమ్మ చెవి ఒకటి ఎప్పుడూ సైరన్ మీదే ఉండేది. మోగితే భయం. అసలు మోగకుండా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

సెక్యూరిటీ గదిలో సంపత్ ఆమె కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. రిటైరైన ఎస్సై. కొత్తగూడెంలో ఇద్దరూ రెండు కేసుల్లో తలపడ్డారు. రెండుసార్లూ ఆమె చెప్పిందే నిజమని తేలింది, రెండుసార్లూ పేపర్లో అతని పేరే వచ్చింది.

"రాండ్రి డిటెక్టివ్ మేడం. అయిదు దాకనే టైమున్నది. చాయ్ తాగి పోతరా, తాగకుంట పోతరా?"

మధులత కూర్చోలేదు. మూడో బండి ఆపానని రాజేష్ అన్నాడని రాశారు, మూడో అనే మాట ఎక్కడిది అని అడిగింది. వాడే అన్నాడన్నాడు సంపత్. గార్డు వినలేదే అంది. గార్డుకు చెవుడు అన్నాడు.

"మీకు కంప్యూటర్ వచ్చా?"

"నాకా? గేటు కెమెరా చూసుడు తప్ప ఏం తెల్వదు. మీలెక్క చదువుకోలే."

"మరి అలారం ఉన్నది మూడో దానిలోనని మీకెట్ల తెలుసు? ఏది ఎన్నోదో జాబితా చూసినవాళ్లకే తెలుస్తది."

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తప్పు మాట ఒకటి పడింది, అది తిరిగి రాదని అతనికీ తెలుసు. గొంతు మాత్రం మారలేదు. రేపు కోర్టులో ఇవన్నీ చెబితే జడ్జి నిద్రపోతాడన్నాడు. పెద్ద కంప్యూటర్ ఉండే సర్వర్ గదికి ఆ రోజు పొద్దున వేసిన తాళం సాయంత్రం అయిదూ ఇరవై వరకు తీయలేదని, తాళం చెవి పుస్తకంలో తన సంతకం ఉందని, కాబట్టి మిల్లులో ఎవరూ అలారం ముట్టే వీలే లేదని గుర్తుచేశాడు.

"అది మంచి సాక్ష్యం. భద్రాచలంలో తెర రాదు. సర్వర్ గది తాళం వేసి ఉందని మీరే రాసిచ్చిన్రు. ఇంక మిగిలింది ఇంజనీర్ సరిచేసిపోయిన రెండు చోట్లు," అంది మధులత. "లెవ్వండి. మీ కంప్యూటర్ చూడాలి."

మేనేజర్ ఉత్తరం బల్ల మీద పరిచింది. సంపత్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఏ కంప్యూటరైనా అని ఉంది. లేచి బల్ల అవతలి కుర్చీలో కూర్చున్నాడు. మానిటర్ వెనక భాగం మాత్రమే అతనికి కనిపిస్తుంది.

మూడూ నలభై ఆరు. ఆమె పేర్ల ఫైలు తెరిచింది. కింద చివరి వరుసలో ఒక నంబర్, దాని పక్కన ఒక పేరు: తండా. మారిన తేదీ జూలై 6.

రాజేష్ మూడు వారాలు అడుక్కున్నా రాని వరుస, అడగనివాడి కంప్యూటర్‌లో ఉంది.

మూడో బండి తెర తెరిచింది. ఈసారి నలుపు లేదు. రెండు సెకన్లలో తెర అంతా వచ్చేసింది. మధ్యలో పచ్చ పెట్టె, దాని మీద గ్యాస్ సున్నా. అలారం నడుస్తోంది. పెట్టె మూలన మూసే గుర్తు. దాని మీద ఒక్క నొక్కు నొక్కితే చాలు. ఒక మనిషి ప్రాణానికి అంతకన్నా పెద్ద పని అక్కర్లేదు.

"వచ్చిందా ఏమన్నా?" అన్నాడు సంపత్.

ఆమె జవాబు చెప్పేలోపు తెర పైభాగాన సన్నని పసుపు పట్టీ ఒకటి దిగింది. ఇంగ్లిష్‌లో ఒక వరుస. దాని అర్థం ఇది: ఇప్పుడు ఈ కన్సోల్‌ను ఇద్దరు చూస్తున్నారు.

మధులత మౌస్ మీది చెయ్యి తీసేసింది. తీసేసినా తెర మీది బాణం కదిలింది. మూలకు వెళ్లింది. ఒక ఖాళీ కాగితం లాంటి కిటికీ తెరిచింది. అందులో ఒక్కో అక్షరం పడసాగింది. అక్షరాలు ఇంగ్లిష్‌వి, మాటలు తెలుగువి.

‘సంపత్. ఆ పిల్ల పోయిందా.’

ఆమెకు అర్థమైంది. అవతలివాడికీ ఈ పసుపు పట్టీ కనిపించింది. ఇవతల కూర్చున్నది సంపత్ అనుకుంటున్నాడు, ఈ కుర్చీలో ఎప్పుడూ అతనే కూర్చుంటాడు కాబట్టి. ఫోన్ చేస్తే లెక్క ఉంటుంది, కాగితం రాస్తే సంతకం ఉంటుంది. ఇలా రాసి తుడిచేస్తే ఏమీ ఉండదు. వీళ్లిద్దరూ ఇలాగే మాట్లాడుకుంటారు.

సంపత్ ఎలా రాస్తాడో ఆమెకు తెలియదు. ఒక్క మాట తేడా వస్తే కిటికీ మూసుకుంటుంది. అతను మాట్లాడేటట్టే రాసింది.

‘పోయింది సార్.’

"ఏం కొడ్తున్నరు మేడం అంతసేపు? లవ్ లెటరా?" అన్నాడు సంపత్ అవతలి నుంచి.

తెర మీద మళ్లీ అక్షరాలు పడ్డాయి.

‘నాలుగింటికి సిలిండర్ మారుస్తరు. కొంచెం గ్యాస్ తగిలినా అలారం మోగి మిషన్ ఆగుతది, మళ్ల లేవాలంటే రెండు గంటలు. మూసెయ్. మొన్న లెక్క.’

మొన్న లెక్క. మొన్నటిలాగే. మధులత ఆ మాటను మూడుసార్లు చదివింది. ఇందులో పగ లేదు, ఎవరినో చంపాలన్న కుట్ర లేదు. రెండు గంటలు మిషన్ ఆగకూడదు, అంతే. ఆ రెండు గంటల కోసం సమ్మయ్య పోయాడు. ఆ సంగతి కప్పడానికి రాజేష్ లోపల ఉన్నాడు. ఆ మనిషే మళ్లీ ఇవాళ అదే చెయ్యమంటున్నాడు.

ఆమె తన సెల్‌ఫోన్ తీసి తెరను ఫోటో తీసింది. మసకగా వచ్చింది. ఇంకోటి తీసింది. అప్పుడు సంపత్ కుర్చీలోంచి సగం లేచాడు.

మూడూ యాభై ఏడు. బయట క్లోరిన్ షెడ్డు నుంచి ఇనప గొలుసు లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె మళ్లీ కీబోర్డ్ మీద వేళ్లు పెట్టింది.

‘లోపల మనుషులున్నరు సార్.’

జవాబు రాలేదు. ఆమె మానిటర్‌ను రెండు చేతులతో పట్టుకుని ఇద్దరికీ కనిపించేలా సంపత్ వైపు సగం తిప్పింది.

అతను చదివాడు. పైనుంచి కిందికి, మళ్లీ పైకి. అతని చూపు ముందు ఆమె మీదికి రాలేదు. కిటికీలోంచి బయటికి, మిల్లు వెనక గుట్ట మీద జనరల్ మేనేజర్ బంగళా వైపు వెళ్లింది. రెండో చోటు ఏదో మధులత అడగాల్సిన పని లేకపోయింది.

"నేను వద్దనే అన్న," అన్నాడు సంపత్. ఆ గొంతు అతనిది కానట్టుంది. "మొన్న కూడ వద్దనే అన్న."

"అని ఏం చేసిన్రు?"

తెర మాట్లాడింది. ఒక్కో అక్షరం, తొందర లేకుండా పడింది.

‘మొన్న కూడ ఉన్నరు.’

ఆ తర్వాత బాణం, ఆ గదిలో ఎవరి చెయ్యీ మౌస్ మీద లేకపోయినా, పచ్చ పెట్టె మూలన ఉన్న మూసే గుర్తు వైపు కదలడం మొదలుపెట్టింది.